ఎడ్ షీరన్ కోసం వెళ్తే చుట్టాలు దొరికారు

ఆ వీడియో మీరు చూసే ఉంటారు. బెంగళూరు స్టేజీ మీద ఎడ్ షీరన్ గిటార్ పట్టుకుని, పక్కన గాయని శిల్పా రావు, ఇద్దరూ కలిసి మన 'దేవర'లోని 'చుట్టమల్లే' పాడిన వీడియో. 2025 ఫిబ్రవరి 9 రాత్రి అది ఎన్ని వాట్సాప్ స్టేటస్‌లలో తిరిగిందో లెక్కలేదు. ఎడ్ షీరన్ ఎవరో తెలియకుండానే మా పిన్ని కూడా పెట్టింది. ఆ వీడియోల్లో వెనక నుంచి వినిపించే అరుపుల్లో ఒకటి నాది.

పాట సంగతి అందరికీ తెలుసు కాబట్టి నేను చెప్పాలనుకుంటున్నది ఎక్కువగా దానికి ముందు జరిగిన కథ. అంటే ఆ గ్రౌండ్‌కి ఎలా వెళ్ళాం, ఎవరితో వెళ్ళాం అన్నది.

ఆ టూర్ షెడ్యూల్ గుర్తుందా? జనవరి 30న పుణెలో మొదలైంది. ఫిబ్రవరి 2న హైదరాబాద్‌లో, 5న చెన్నైలో, 8, 9 తేదీల్లో బెంగళూరులో, తర్వాత షిల్లాంగ్, చివరికి ఢిల్లీ పక్కన గురుగ్రామ్. నేనుండేది మాదాపూర్‌లో. రామోజీ ఫిల్మ్ సిటీలో షో పెట్టుకుని బెంగళూరు దాకా పోవడం ఎందుకు అంటారేమో. ఆ వీకెండ్ మా టీమ్‌కి ప్రొడక్షన్ రిలీజ్. ఐటీలో ఉన్నవాళ్ళకి ఇంతకంటే వివరణ అక్కర్లేదు, లేనివాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు.

టికెట్ దొరికాక ఎవరో పంపిన లింకు పట్టుకుని ఒక వాట్సాప్ గ్రూపులో చేరా. 9వ తేదీ షోకి వెళ్తున్న తెలుగువాళ్ళ గ్రూపు. అందులో బెంగళూరులోనే పనిచేసేవాళ్ళు ఎక్కువ. విశాఖ, విజయవాడ, కర్నూలు నుంచి వస్తున్నవాళ్ళు కొందరు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటూ తెలుగు చదవడం రాని మన పిల్లలు ఇద్దరు. రోజుకి వంద మెసేజ్‌లు. వాటిలో ఓ ముప్పై నావే. మీమ్స్, పాటల మీద జోకులు, ఏ గేటు నుంచి వెళ్తే మంచిదో మ్యాప్ మీద గీతలు గీసి పంపడం. అసలు ఎడ్ షీరన్ బ్యాండ్ లేకుండా ఒక్కడే స్టేజీ మీద అంత మ్యూజిక్ ఎలా చేస్తాడని ఎవరో అడిగితే లూప్ పెడల్ గురించి చిన్న వ్యాసమంత మెసేజ్ పెట్టా. అప్పటి నుంచి గ్రూపులో నా పేరు 'లూపన్న'.

వాళ్ళకి తెలియనిది ఏంటంటే నాకు నత్తి.

చిన్నప్పటి నుంచీ ఉంది. మా అమ్మమ్మ తేనెలో వస కొమ్ము అరగదీసి నాలిక మీద రాసింది. అది పనిచేస్తే ఈపాటికి వసపిట్టలా వాగుతూ ఉండేవాణ్ణి. నూటికి దాదాపు ఒకరికి ఈ ఇబ్బంది ఉంటుందంటారు. లెక్కన మీ ఆఫీసు ఫ్లోర్‌లో కనీసం ఒకరైనా ఉండాలి. వాళ్ళు కనిపించరు, ఎందుకంటే మీటింగుల్లో మ్యూట్‌లో ఉండి చాట్‌లో టైప్ చేసేవాళ్ళు వాళ్ళే. రోజూ పొద్దున స్టాండప్ కాల్‌లో 'ఎనీ బ్లాకర్స్?' అని మేనేజర్ అడిగినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. బ్లాకర్ నా నోట్లోనే ఉంది సార్, టికెట్ రెయిజ్ చేయమంటారా?

నత్తి ఉన్నవాళ్ళకి అన్నిటికంటే కష్టమైన మాట సొంత పేరు. మిగతా ఏ మాట దగ్గర ఇరుక్కున్నా పక్కదారి ఉంటుంది. 'పెరుగు' రాకపోతే 'మజ్జిగ చాలు' అని సర్దుకోవచ్చు. నేను ఎన్నిసార్లు ఇష్టం లేని కూర తిన్నానో! పేరుకి మాత్రం ఇంకో మాట లేదు. నా పేరు 'ప'తో మొదలవుతుంది. పెదాలు మూసుకుంటే గానీ పలకని అక్షరం. మూసుకున్నాక అవి తెరుచుకోవు, అదీ సమస్య.

ఎడ్ షీరన్ మీద నాకున్న అభిమానానికి మూలం కూడా ఇక్కడే. అతనికి చిన్నప్పుడు నత్తి ఉండేది. 2015లో న్యూయార్క్‌లో నత్తి మీద పనిచేసే ఒక అమెరికన్ సంస్థ వాళ్ళ వేడుకలో తనే చెప్పాడు. తొమ్మిదేళ్ళ వయసులో వాళ్ళ నాన్న కొనిచ్చిన ఎమినెం ఆల్బమ్‌ని పదేళ్ళు నిండేసరికి మొదటి నుంచి చివరి దాకా బట్టీ పట్టేశాడట. ఆ ర్యాప్ స్పీడుతో పాటు అక్షరాలు కూడా దారికొచ్చాయట. నరసరావుపేట దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఆ వీడియో చూశాక నేను చేసిన మొదటి పని, బకెట్ తీసుకుని బాత్‌రూమ్‌లోకి పోయి గడియ పెట్టుకోవడం. 2017 అది. 'షేప్ ఆఫ్ యూ' ప్రతి ఆటోలో మోగుతున్న ఏడాది. రెండు నెలలు సాధన చేశా. పాట మొత్తం ఎక్కడా ఆగకుండా వచ్చేది. బయటికొచ్చి మెస్‌లో 'పప్పు వెయ్యన్నా' అందామంటే మళ్ళీ మామూలే. ఎడ్‌కి పోయింది, నాకు పోలేదు.

అదే ఏడాది సెప్టెంబరులో 'జై లవ కుశ' వచ్చింది. అందులో ఎన్టీఆర్ చేసిన జై పాత్రకి నత్తి. మన సినిమాల్లో నత్తి అంటే అప్పటిదాకా నాకు గుర్తున్నది కామెడీ ట్రాకే. అందులో మాత్రం జై మాట తడబడినప్పుడు కూడా థియేటర్లో విజిళ్ళు పడ్డాయి. పక్క సీట్లో ఉన్న రూమ్మేట్ నా వైపు చూసి, ఏమీ అనకుండా పాప్‌కార్న్ నా ఒళ్ళో పెట్టాడు.

సరే, బెంగళూరు. గ్రూపు అడ్మిన్ నెల ముందే ప్లాన్ వేశాడు. ఆదివారం పొద్దున అందరం కబ్బన్ పార్కులో కలవాలి, కలిసి భోంచేయాలి, కలిసి మెట్రోలో గ్రౌండ్‌కి పోవాలి. 'లూపన్న వస్తే చాలు, మిగతాదంతా నవ్వులే' అని ఎవరో పెట్టారు. దానికి ఇరవై లైకులు. ఆ మెసేజ్ చదివాక రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు. టైపింగ్‌లో నేను ఒక మనిషిని, నోటితో ఇంకో మనిషిని. మొదటివాణ్ణి చూడ్డానికి వాళ్ళొస్తే అక్కడికి రెండోవాడు వెళ్ళాలి.

శనివారం పొద్దున్నే కాచిగూడలో వందేభారత్ ఎక్కా. మధ్యాహ్నానికి యశ్వంతపుర. ఎడ్ షీరన్ షోలకి బెంగళూరు వెళ్ళేవాళ్ళకి దీనికంటే సులువైన దారి లేదు, ఎందుకో తర్వాత చెప్తా. మహబూబ్‌నగర్, కర్నూలు దాటాక కిటికీలోంచి నల్లరేగడి పోయి ఎర్రమట్టి మొదలవుతుంది. అనంతపురం, ధర్మవరం దగ్గర గుట్టలు, రాళ్ళు, మధ్యలో గాలిమరలు. ట్రైన్‌లో నా వెనక సీట్లో ఇద్దరు అమ్మాయిలు 'పర్ఫెక్ట్' హమ్ చేస్తున్నారు. పలకరిద్దామనుకున్నా. ధర్మవరం దాకా అనుకుంటూనే ఉన్నా.

కబ్బన్ పార్కు ఆదివారం చూడాల్సిన చోటు. ఆ రోజు లోపలి రోడ్ల మీద బళ్ళు తిరగనివ్వరు. ఊరి మధ్యలో హార్న్ వినపడని చోటు అదొక్కటే అనుకుంటా. 1870లో వేసిన పార్కు, ఎర్ర రంగు సెంట్రల్ లైబ్రరీ భవనం, వెదురు పొదలు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, గిటార్లు, స్కెచ్ పుస్తకాలు. మేం కలవాల్సింది బ్యాండ్‌స్టాండ్ దగ్గర. ఇనుప స్తంభాల మీద ఎనిమిది పలకల గొడుగులాంటి మంటపం అది. దూరం నుంచే మావాళ్ళని గుర్తుపట్టా. ఒకడి టీషర్టు మీద కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం గుర్తులు. ఎడ్ ఆల్బమ్‌ల పేర్లు చాలావరకు అలాంటి గుర్తులేగా! పక్కన పులిహోర డబ్బా.

మొత్తం పదకొండు మందిమి. పన్నెండో మనిషి అనుకోని అతిథి. యలహంక దగ్గర బీటెక్ ఫస్టియర్ చదివే కుర్రాడు వాళ్ళ అమ్మని వెంటబెట్టుకొచ్చాడు. వాడి రూమ్మేట్ డ్రాప్ అయితే మిగిలిన టికెట్ మీద ఆమె అనంతపురం నుంచి బస్సెక్కి వచ్చేసింది. జరీ అంచు చీర, చేతిలో గుడ్డ సంచి, సంచిలో మంచినీళ్ళ సీసా, కారప్పూస.

"వీడు ఒక్క పూట పాటకి ఇన్ని వేలు పోసినాడంటే ఆయప్ప యా మాత్రం పాడతాడో చూడాల గదా" అంది. అందరం నవ్వాం. ఎవరో 'ఆంటీ' అంటే, "ఆంటీ ఏందప్పా, అత్తా అనండి" అంది. అంతే, అందరికీ అత్త అయిపోయింది.

తర్వాత అడ్మిన్ నేను భయపడినదే చేశాడు. గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరు పేరు, ఊరు, ఇష్టమైన పాట చెప్పమన్నాడు. నా నంబరు ఏడు. నత్తి ఉన్నవాడు ఇలాంటి వలయంలో ముందు ఆరుగురు చెప్పింది వినడు. మూడు, నాలుగు, ఐదు అని లెక్క పెట్టుకుంటూ లోపల రిహార్సల్ చేసుకుంటాడు. రిహార్సల్‌లో ఎప్పుడూ బాగానే వస్తుంది.

నా వంతు వచ్చింది. పెదాలు మూసుకున్నాయి.

ఒక సెకను, రెండు, మూడు. విశాఖ నుంచి వచ్చిన అమ్మాయి సాయం చేయబోయింది. "ప్రవీణా? ప్రసాదా? ప్రదీపా?" ఇంకొకరు "పవన్ అయ్యుంటాడు" అన్నారు. వాళ్ళకి చెడ్డ ఉద్దేశం లేదు. ఈ ఆట నాకు అలవాటే. దగ్గర్లో ఉన్న పేరుకి తలూపేస్తే పని అయిపోతుంది. అలా ఒప్పుకున్న పేర్లు నాకు మూడున్నాయి. మా ఆఫీసు కింద కాఫీ షాపులో ఇప్పటికీ నేను పవన్‌నే, కప్పు మీద అదే రాస్తారు. ఇక్కడా 'ప్రదీప్' దగ్గర తల కొద్దిగా కదిలింది కూడా.

"ఉండండప్పా. చెప్తాండాడు గదా. చెప్పనీండి."

అత్త అది కోపంగా అనలేదు. కారప్పూస డబ్బా మూత తీస్తూ, బస్సు ఇంకా రాలేదు కదా అన్నంత మామూలుగా అంది. అని నా వైపే చూస్తూ కూర్చుంది. జాలిగా కాదు, తొందరపెడుతూ కాదు. మిగతావాళ్ళు కూడా ఆగారు. ఇంకో నాలుగైదు సెకన్లు పట్టింది కాబోలు. పేరు చెప్పా. ఊరు చెప్పా. ఇష్టమైన పాట చెప్పేసరికి ఒకడు లేచి నిలబడ్డాడు. "ఒరేయ్, లూపన్న నువ్వేనా!"

లూపు. ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ రావడం. వాళ్ళకి తెలియకుండానే ఎంత సరైన పేరు పెట్టారో ఆ క్షణంలో అందరికీ ఒకేసారి తట్టినట్టుంది. ఒక్క క్షణం ఎటు నవ్వాలో తెలియక ఊరుకున్నారు. నేనే ముందు నవ్వా. తర్వాత ఆపడం కష్టమైంది.

నవ్వులు తగ్గాక అత్త సూటిగా అడిగింది. "చిన్నప్పట్నించీ ఇంతేనా నాయనా?" అవునన్నా. "నొప్పి లేదు గదా?" లేదన్నా. "అయితే సరే, కారప్పూస తిను." ఇన్నేళ్ళ ఆఫీసు జీవితంలో నన్ను ఈ మాట అడిగినవాళ్ళు లేరు. నగరాల్లో మర్యాద ఎక్కువ. నేను ఇరుక్కుంటే అందరూ ఫోన్ వైపు, కిటికీ వైపు చూస్తారు, ఏమీ జరగనట్టు. ఆ చూపు తిప్పుకోవడం కంటే అత్త ప్రశ్న వెయ్యి రెట్లు నయం. పాఠకుల్లో ఎవరికైనా నత్తి ఉన్న స్నేహితుడుంటే చెప్తున్నా. మాట అందించకండి, 'రిలాక్స్' అనకండి, గాలి పీల్చుకోమని సలహా ఇవ్వకండి. మామూలుగా చూస్తూ ఆగండి, చాలు.

పది నిమిషాల తర్వాత ఫోన్ మోగింది. నా పక్కనే కూర్చున్న విశాఖ అమ్మాయి నుంచి మెసేజ్: 'సారీ అన్నా, హెల్ప్ చేద్దామనుకున్నా.' మూరెడు దూరంలో కూర్చుని టైప్ చేసింది. నేనూ టైప్ చేసే జవాబిచ్చా. తర్వాత ఇద్దరం తలెత్తి మాట్లాడుకున్నాం.

సరిగ్గా ఈ పరిచయాలు, పులిహోర జరుగుతుండగానే అసలు విషాదం నడిచింది. ఎవరి ఫోన్లోనో రీల్ వచ్చింది. ఎడ్ షీరన్ చర్చ్ స్ట్రీట్‌లో, ఫుట్‌పాత్ మీద, మైకు పెట్టుకుని పాడుతున్నాడు! మేమున్న చోటి నుంచి నడిచిపోయేంత దూరం. పన్నెండు మందిమీ పరుగు. అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అందరికంటే ముందుంది. మేం చేరేసరికి అక్కడ రాళ్ళు పరిచిన రోడ్డు, పుస్తకాల షాపులు, ఖాళీ చోటుని వీడియో తీసుకుంటున్న జనం. 'షేప్ ఆఫ్ యూ' మధ్యలో ఉండగా పోలీసు ఒకాయన వచ్చి వైరు పీకేశాడని అప్పటికే దేశమంతా చూసేసింది. పర్మిషన్ లేదని పోలీసులు, ఉందని ఎడ్ ఆ తర్వాత చెప్పుకున్నారు. మా గొడవ వేరే. "చర్చ్ స్ట్రీట్‌లో కలుద్దాం అన్నానా లేదా? పార్కు అన్నది ఎవరు?" ఈ చర్చ భోజనం దాకా సాగింది, గ్రూపులో ఈరోజుకీ సాగుతోంది.

భోజనం రెసిడెన్సీ రోడ్డు నాగార్జునలో. బెంగళూరులో ఆంధ్రా మీల్స్ అంటే అదొక మతం. అరిటాకు, పప్పు, పొడి, నెయ్యి, ఆపై ఆపకుండా వడ్డన. కన్నడిగులు, తమిళులు చెమటలు తుడుచుకుంటూ తింటుంటే చూడ్డం నాకు సరదా. అత్త తీర్పు: "పొడి బాగుంది. పప్పులో ఇంకొంచెం పులుపు పడాల."

ఇక గ్రౌండ్‌కి ప్రయాణం. షో జరిగిన నైస్ గ్రౌండ్స్ ఊరికి వాయవ్యంగా, తుమకూరు రోడ్డులో, మాదావరలో ఉంది. క్యాబ్‌లో వెళ్తే ఏమవుతుందో బెంగళూరు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైగా మర్నాటి నుంచి యలహంకలో ఏరో ఇండియా. అయితే 2024 నవంబరులో మెట్రో గ్రీన్ లైన్‌ని నాగసంద్ర నుంచి ఇంకో మూడు కిలోమీటర్లు మాదావర దాకా పొడిగించారు. మేం ఎంజీ రోడ్డులో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, గ్రీన్ లైన్‌లో చివరి స్టేషన్ దాకా వెళ్ళాం. యశ్వంతపుర కూడా ఇదే లైన్ మీద ఉంది. కాచిగూడ నుంచి వచ్చే ట్రైన్ సులువు అన్నది అందుకే. సరిగ్గా ఆ ఆదివారం నుంచే కొత్త చార్జీలు అమల్లోకి వచ్చాయి, గరిష్ఠం 60 రూపాయల నుంచి 90కి. టికెట్ మిషన్ ముందు నిలబడి కన్నడంలో తిట్టుకుంటున్న పెద్దాయన్ని చూసి అత్త తెలుగులో ఓదార్చింది. ఆయన తెలుగులోనే జవాబిచ్చాడు. బెంగళూరు అంతే.

మెజెస్టిక్ నుంచి రైలంతా మావాళ్ళే. యశ్వంతపుర దాటేసరికి ఒక మూల ఎవరో 'ఫోటోగ్రాఫ్' ఎత్తుకున్నారు. పీణ్యలో ఎక్కిన ఫ్యాక్టరీ కార్మికుడు ఒకతను ఏమిటీ గోల అన్నట్టు చూసి, తర్వాత ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

నైస్ గ్రౌండ్స్ పేరుకి నైస్ గానీ మధ్యాహ్నం ఎండలో దుమ్ము. తెల్ల షూస్ వేసుకెళ్ళొద్దని నా సలహా. గేట్ల దగ్గర నీళ్ళ సీసాలు తీసేసుకున్నారు. అత్త కారప్పూస మాత్రం ఎలా లోపలికి వచ్చిందో దేవుడికి తెలియాలి. చీకటి పడేదాకా ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళం కునికిపాట్లు. చుట్టూ సగం మంది కటక్‌లో ఇంగ్లండ్‌తో మన వన్డే స్కోరు చూస్తున్నారు. రోహిత్ సెంచరీ కొట్టింది ఆ రోజే.

ఎడ్ స్టేజీ మీదకి వచ్చాడు. ఒక్కడే. నిక్కచ్చిగా చెప్పాలంటే ఒక మనిషి, ఒక గిటార్, కాళ్ళ దగ్గర కొన్ని పెడల్స్. గ్రూపులో రాసిన వ్యాసం ఇక్కడ క్లుప్తంగా. ముందు గిటార్ చెక్క మీద చేత్తో దరువు వేస్తాడు, పెడల్ తొక్కుతాడు, ఆ దరువు రికార్డయి మళ్ళీ మళ్ళీ మోగుతుంది. దాని మీద తీగలు మీటుతాడు, అదీ లూప్‌లోకి పోతుంది. ఆపైన గొంతుతో రెండు మూడు వరసలు. అలా ఒక్కో పొర వేస్తూ నిమిషంలో మన కళ్ళ ముందే బ్యాండ్ కట్టేస్తాడు. పాట అయ్యాక అంతా చెరిపేస్తాడు. మళ్ళీ సున్నా నుంచి. మా భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌లో లైవ్ కోడింగ్, బ్యాకప్ లేకుండా. ఒక దరువు తప్పు పడితే ఆ తప్పే పాటంతా తిరుగుతుంది.

నేను చూస్తున్నది మాత్రం అతని నోరు. ర్యాప్ ముక్కలు వచ్చినప్పుడు అక్షరాలు గింజలు చల్లినట్టు పడుతున్నాయి. ఒకప్పుడు నత్తితో ఇబ్బంది పడిన పిల్లాడి నోరు అది. నాకు అసూయ కలిగింది. అభిమానం ఉన్నచోట అది కూడా ఉంటుంది, దాచడం ఎందుకు?

నత్తి గురించి ఒక వింత చెప్పాలి. నత్తి ఉన్నవాళ్ళలో చాలామంది పాడేటప్పుడు తడబడరు. నలుగురితో కలిసి ఒకేసారి పలికినప్పుడు కూడా తడబడరు. స్కూల్లో ప్రతిజ్ఞ అందరితో పాటు గడగడా చెప్పినవాణ్ణే, ఒక్కణ్ణీ నిలబెట్టి చదవమంటే ఆగిపోయేవాణ్ణి. 'వీడు నటిస్తున్నాడు' అని ఒక మాస్టారు తేల్చేశారు. ఆ మైదానంలో అంతమందిలో 'పర్ఫెక్ట్' పాడుతుంటే ఆ పాట పేరులోనే ఉన్న 'ప' నా నోట్లోంచి నూనె రాసినట్టు జారిపోయింది. విశాఖ అమ్మాయి తిరిగి చూసింది, ఆశ్చర్యంగా. నేను భుజాలెగరేశా. పాడుతూనే.

తర్వాత శిల్పా రావు వచ్చారు. గిటార్ మీద ఆ తెలిసిన వరస మొదలవగానే మా చుట్టూ అరసెకను నిశ్శబ్దం. విన్నది నిజమేనా అన్న అనుమానం. ఆ తర్వాత పుట్టిన అరుపు గురించి మీకు వీడియోల్లో తెలిసే ఉంటుంది. జంషెడ్‌పూర్‌లో పుట్టిన గాయని, ఇంగ్లండ్ సఫక్‌లో పెరిగిన గాయకుడు, అనిరుధ్ బాణీ, రామజోగయ్య శాస్త్రి మాటలు, కర్ణాటక నేల. అతని నోట తెలుగు వచ్చినప్పుడు జనంలో అక్కడక్కడా చేతులు లేచాయి. ఇక్కడ ముగ్గురు, అక్కడ ఐదుగురు, దూరంగా బ్యారికేడ్ దగ్గర ఒక గుంపు. అప్పటిదాకా ఇంగ్లీషులో ఊగుతున్న మైదానంలో తెలుగువాళ్ళు ఎక్కడెక్కడున్నారో మ్యాప్‌లో పిన్నులు గుచ్చినట్టు తెలిసిపోయింది. ఒకళ్ళకొకళ్ళం చేతులూపుకున్నాం.

ఉచ్చారణ తప్పుల్లేకుండా ఉందని అనను. ఒత్తుల దగ్గర నాలిక కాస్త తడబడింది. ఎంతో కష్టపడి నేర్చుకున్న మాటల్ని తడబడుతూ అయినా అంతమంది ముందు అనేయడం ఎంత పనో నాకు తెలుసు. ఆ గ్రౌండ్‌లో మిగతా అందరూ ఒక పెద్ద స్టార్‌ని చూశారేమో. నాకు మాత్రం గుండ్రంగా కూర్చున్న పిల్లల్లో ఏడో నంబరువాడు కనిపించాడు.

పదాలు మొదటి నుంచి చివరి దాకా వచ్చింది మాలో ఒక్కరికే, అత్తకి. సాయంత్రమంతా "ఈ పాట ఏం చెప్తాందిరా" అని కొడుకుని పీడించిన మనిషి, ఈ పాటకి మాత్రం కళ్ళు మూసుకుని మొత్తం పాడేసింది. కుర్రాడు నోరు తెరిచి చూస్తున్నాడు. "అమ్మా, నీకెట్ల వచ్చు?" "పొద్దస్తమానం టీవీలో వస్తాంటే రాకుండా ఎట్ల ఉంటాదిరా?" ఎడ్ తెలుగు ఎలా ఉందని అడిగితే, "ఏం పర్వాలే. బాగా చెప్పినాడు బిడ్డ" అంది.

షో అయ్యాక మాదావర స్టేషన్ దాకా జనం జాతరే. రైలెక్కేసరికి కాళ్ళు మావి కావు. గొంతులు పోయాయి. గ్రూపులో సగం మంది నేల మీదే కూలబడ్డారు. అత్త, కొడుకు మెజెస్టిక్‌లో దిగాలి, ఆమెకి అక్కడ అనంతపురం బస్సు. నేను యశ్వంతపురలో దిగాలి, లాడ్జి అక్కడే. మర్నాడు పొద్దున స్టాండప్ కాల్, మధ్యాహ్నం రైలు.

"ఉగాదికి మా ఊరికి రా నాయనా. దారిలోనే గదా" అంది అత్త. ఫోన్ తీసి నంబరు అడిగింది. నంబరు అంకెలు కాబట్టి బాగానే వచ్చింది. "పేరు?" అంది. పొద్దున చెప్పింది మర్చిపోయిందట, లూపన్న అని రాసుకుంటే ఇంట్లో వాళ్ళకి ఏం చెప్పాలి అంది.

మళ్ళీ పెదాలు మూసుకున్నాయి. ఆమె 'ప' అని కొట్టి ఆగింది. ఫోన్ కింద వరసగా పేర్లు చూపించింది, పవన్, ప్రదీప్, ప్రసాద్. ఆమె వేలు వాటిలో దేని మీదకీ పోలేదు. గోరగుంటెపాళ్య వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. రైలు కదిలాక చెప్పా. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి, సరిగ్గా రాసిందో లేదో చూడమని ఫోన్ నా చేతికిచ్చింది. ఒక దీర్ఘం తక్కువైంది. దిద్దేసి, యశ్వంతపురలో దిగిపోయా.